భయపడే ముందు ఒకసారి చూడండి

అపార్ట్‌మెంట్ మీద సెల్ టవర్ పెట్టనివ్వాలా వద్దా అని అసోసియేషన్ మీటింగ్ జరుగుతుంది. అద్దె ఎంతొస్తుంది, లిఫ్టు రిపేరుకి ఆ డబ్బు సరిపోతుందా అని మొదలైన చర్చ ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది. "రేడియేషన్ వస్తుందటండీ." ఏ రకం రేడియేషన్, ఎంత వస్తుంది, ఎవరు కొలిచారు అని అడిగేవాళ్లు తక్కువ. ఒకవేళ ఎవరైనా అడిగినా, "కంటికి కనపడదు కదండీ, అదే కదా ప్రమాదం" అని జవాబు. ఇంతా చేసి ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు ఆ ఏడాదే పొట్టకు సీటీ స్కాన్ తీయించుకుని ఉంటారు. ఆ యంత్రం వాడేది ఎక్స్ కిరణాలు. పరమాణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి వాటికి ఉంది, టవర్ తరంగాలకు లేదు. అయినా స్కాన్ అంటే ఎవరికీ బెదురు లేదు, ఆ కాగితం మీద డాక్టరు సంతకం ఉంది కనక.

నేను టవర్ల తరఫు మనిషిని కాను. డాక్టరు అవసరమన్న స్కాన్ తీయించుకోవాల్సిందే, అందులోనూ సందేహం లేదు. నా పేచీ అల్లా మన భయం పనిచేసే పద్ధతితో. అది దేనికి జడవాలో పేరును బట్టి తేల్చుకుంటుంది. ఈ పుస్తకంలో ఇప్పటిదాకా మాట్లాడుకున్న భయాలు, స్టేజి ఎక్కాలంటే భయం, అప్పంటే భయం, రిపోర్టు కవరు విప్పాలంటే భయం, అన్నీ దాదాపు ఇదే దారిలో పెరుగుతాయి. ఎదుట ఉన్నదాన్ని మనం చూడం. చూడలేమని ముందే ఒప్పేసుకుంటాం. ఆ ఖాళీలో ఊహ కాపురం పెడుతుంది.

అందుకే ఈ అధ్యాయంలో ఊపిరి లెక్కపెట్టమని అడగను, అద్దం ముందు నిలబడి ధైర్యవచనాలు చెప్పుకోమనీ అడగను. ఒక పెట్టె తయారుచేయమంటాను. దాని పేరు క్లౌడ్ చాంబర్. కంటికి కనపడదనే కారణంతో మనం వణికిపోయే రేడియేషన్ అందులో తెల్లటి గీతలుగా మీ కళ్ల ముందు నడుస్తుంది. ఒక శనివారం సాయంత్రం చాలు.

దీన్ని కనిపెట్టిన మనిషి రేడియేషన్‌ను వెతుక్కుంటూ బయల్దేరలేదు. చార్లెస్ థామ్సన్ రీస్ విల్సన్ స్కాట్లండ్‌లో పుట్టాడు. 1894 సెప్టెంబరులో అక్కడి బెన్ నెవిస్ శిఖరం మీదున్న వాతావరణ పరిశీలనశాలలో రెండు వారాలు పనిచేశాడు. అది బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన కొండ, సుమారు 1,345 మీటర్లు. కిందకు చూస్తే మబ్బు, వెనక సూర్యుడు, మబ్బు మీద పడిన తన నీడ చుట్టూ రంగురంగుల వలయాలు. ఆ అందాన్ని ప్రయోగశాలలో మళ్లీ పుట్టించాలనిపించింది ఆయనకు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో గాజుపాత్రలో తడిగాలి నింపి, దాన్ని ఒక్కసారిగా వ్యాకోచింపజేసి, చల్లబరిచి, చిన్న మబ్బు చేయడం మొదలుపెట్టాడు. గాజుపాత్రలు కూడా తనే ఊదుకునేవాడు.

మబ్బు పుట్టాలంటే గాలిలో దుమ్ము ఉండాలని అప్పటికి అందరికీ తెలుసు. ఆవిరి దేన్నో ఒకదాన్ని పట్టుకుని గాని బొట్టు కాలేదు. విల్సన్ ఆ దుమ్మును తీసేశాడు. వ్యాకోచింపజేయడం, బొట్లతో పాటు దుమ్ము కిందపడేదాకా ఆగడం, మళ్లీ అదే పని. గాలి శుభ్రమైపోయింది. మబ్బు రాకూడదు. అయితే గాలి ఘనపరిమాణాన్ని ఒకేసారి 1.25 రెట్లు దాటించినప్పుడు మాత్రం కొద్దిపాటి బొట్లు రాలుతూనే ఉన్నాయి. ఎన్నిసార్లు శుభ్రం చేసినా అదే తంతు. 1.38 రెట్లు దాటితే దట్టమైన మబ్బే పట్టేస్తోంది. "ఎక్కడో కాస్త దుమ్ము మిగిలిపోయి ఉంటుందిలే" అని ఇంకొకరైతే వదిలేసేవారు. ఆ నాలుగు బొట్లను ఆయన వదల్లేదు.

1895 చివర్లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను ప్రకటించాడు. నెలలు తిరక్కుండానే విల్సన్ వాటిని తన పాత్ర మీదకు వదిలాడు. నాలుగు బొట్లు కాస్తా పొగమంచై కూర్చున్నాయి. అంటే దుమ్ము లేనిచోట ఆవిరికి ఆసరా ఇస్తున్నవి అయాన్లు, ఎలక్ట్రాన్ ఊడిపోయిన లేక వచ్చి చేరిన అణువులు. అక్కడి నుంచి ఒక్కో కణం నడిచిన దారిని విడిగా ఫొటో తీయడానికి 1911 దాకా పట్టింది. మధ్యలో ఆయన మనసు ఉరుములు మెరుపుల మీదకు, గాలిలోని విద్యుత్తు మీదకు మళ్లింది. నింపాదిగానే తిరిగొచ్చాడు. 1927లో ఆర్థర్ కాంప్టన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. మబ్బు ఎందుకు అందంగా ఉందో చూద్దామని కూర్చున్నవాడికి వచ్చిన బహుమతి అది. పిల్లలను లక్ష్యాలు, గడువులు అంటూ తరిమే తల్లిదండ్రులు ఈ పదిహేనేళ్ల లెక్కను కాస్త గుర్తుంచుకుంటే బాగుంటుంది.

విల్సన్ పాత్రలో గాలి ఒక్క క్షణం మాత్రమే సిద్ధంగా ఉండేది. మనం చేయబోయేది 1930ల చివర్లో అమెరికాలో అలెగ్జాండర్ లాంగ్స్‌డార్ఫ్ రూపొందించిన రకం. ఇది గంటలకొద్దీ ఆగకుండా పనిచేస్తుంది, కదిలే భాగాలేవీ ఉండవు. పెట్టె పైభాగంలో ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ, అడుగున విపరీతంగా చల్లబడిన లోహపు పలక. పై నుంచి ఆవిరి మెల్లగా కిందకు దిగుతుంది, దిగేకొద్దీ చల్లబడుతుంది. పలకకు కొన్ని మిల్లీమీటర్ల పైన ఒక పలుచని పొరలో, ఆ చలిలో ఆవిరిగా ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఆవిరి ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో అతిసంతృప్త స్థితి అన్నది దీన్నే. ద్రవంగా మారడానికి సర్వసన్నద్ధంగా ఉంటుంది, పట్టుకోవడానికి మాత్రం ఏదీ దొరకదు. ఆ పొరలోంచి విద్యుదావేశమున్న కణం ఒకటి దూసుకుపోయిందంటే దారిపొడవునా అయాన్లు మిగులుతాయి. ప్రతి అయాన్ చుట్టూ ఒక బొట్టు పుడుతుంది. విమానం కనిపించనంత ఎత్తున పోతున్నా వెనక తెల్లచార ఉండిపోతుంది చూడండి, అలాగే ఇక్కడ కూడా కణం మనకు ఎన్నటికీ కనపడదు. అది వెళ్లిపోయాక మిగిలిన దారి కనపడుతుంది, ఒకటి రెండు సెకన్లు ఉండి కిందికి రాలిపోతుంది.

ఇక సామాన్లు. పెళ్లి మండపంలోకి వధువు నడిచొచ్చేటప్పుడు కాళ్ల చుట్టూ తెల్లపొగ పాకిస్తారే, ఆ పొగకు వాడే డ్రై ఐస్ మీకు కావాలి. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ అది, మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. మీ ఊళ్లో ఈవెంట్లు చేసేవాళ్లను అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. మూడు నాలుగు కిలోలు తెచ్చుకుని థర్మాకోల్ పెట్టెలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టి ప్రయోజనం లేదు, దానికి ఫ్రీజరు చలి కూడా ఎండ కిందే లెక్క. రెండోది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం ఉన్నది. సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్లు సర్క్యూట్ బోర్డులు తుడవడానికి వాడే ఐపీఏ ఇదే. ఇంట్లో మిగిలిపోయిన శానిటైజర్‌తో సరిపెట్టుకుందామని చూడకండి. అందులో నీరు, గ్లిజరిన్ వంటివి ఉంటాయి, పని జరగదు.

పెట్టెకు చిన్న గాజు చేపల తొట్టి బాగుంటుంది. అడుగు పలకకు రెండు మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు తీసుకుని నిగనిగలాడని నల్లరంగు వేయండి. రంగు వేసే ఓపిక లేకపోతే నల్ల ఇన్సులేషన్ టేపు అంటించండి. నలుపు మీదే తెల్లగీత తెలుస్తుంది. తొట్టి అడుగుభాగానికి లోపలివైపు ఫెల్ట్ గుడ్డ పట్టీలు బిగించండి. జిగురు వద్దు, ఆల్కహాల్‌కు కరిగిపోతుంది. అయస్కాంతాలో తీగో వాడండి. ఫెల్ట్‌ను ఆల్కహాల్‌తో చుక్కలు కారనంతగా తడిపి, తొట్టిని నల్లపలక మీద బోర్లించండి. ఇప్పుడు ఫెల్ట్ పైకప్పులో ఉంటుంది. అంచుల చుట్టూ పిల్లలు ఆడుకునే క్లేతో సందు లేకుండా మూసేయండి. వెడల్పాటి ట్రేలో డ్రై ఐస్‌ను ముక్కలుగా కొట్టి చదునుగా పరిచి, దాని మీద పలకను ఉంచండి. పలక ఏటవాలుగా ఉంటే చల్లటి ఆవిరి ఒకవైపుకు జారిపోతుంది.

జాగ్రత్తల విషయంలో మొహమాటం పనికిరాదు. డ్రై ఐస్‌ను వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టే దెబ్బతింటుంది, మందపాటి చేతి తొడుగులు కావాలి. బిగుతుగా మూతపెట్టే సీసాలోనో స్టీలు ఫ్లాస్కులోనో వేస్తే వాయువు పెరిగి పగిలిపోతుంది. గది కిటికీలు తీసి ఉంచండి. కారులో తెచ్చేటప్పుడు అద్దాలు దించండి, ఏసీలో ఊపిరాడని పరిస్థితి రావచ్చు. ఆల్కహాల్ ఆవిరి ఉన్నచోట దీపం, అగరువత్తి, గ్యాసు పొయ్యి ఏవీ వెలగకూడదు. పిల్లలు చేసేటప్పుడు పెద్దలు పక్కనే ఉండాలి, పక్క గదిలో ఉంటే సరిపోదు.

పది పదిహేను నిమిషాలు ఏమీ జరగదు. చాలామంది ఈ పెట్టెను విప్పేసేది ఆ సమయంలోనే. ఫ్యాన్ ఆపండి, గదిలో లైట్లు ఆర్పండి. ఎల్‌ఈడీ టార్చిని పలకకు సమాంతరంగా, పక్క నుంచి వేయండి. కాస్త పై నుంచి ఏటవాలుగా చూడండి. మొదట పలక దగ్గర సన్నటి తుంపర రాలుతూ కనిపిస్తుంది, అది శుభసూచకం. తుంపర కూడా లేకపోతే ఫెల్ట్ ఎండిపోయిందనో, సందులోంచి గాలి దూరుతోందనో అర్థం. తుంపర మరీ దట్టంగా ఉండి గీతలు తెలియకపోతే ప్లాస్టిక్ స్కేలును ఉన్నిగుడ్డతో రుద్ది పైకప్పు దగ్గర తిప్పండి. గాలిలో తేలే పాత అయాన్లు తొలగి కాస్త తేరుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల వాళ్లకు గాజు బయటివైపు చెమ్మ పడుతుంది, పొడిగుడ్డతో తుడుస్తూ ఉండాలి. ఏ లోపానికైనా ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. నాలుగూ కలిపి మార్చేస్తే పెట్టె పనిచేయడం మొదలుపెడుతుందేమో గాని, ఎందుకు పనిచేసిందో మీకు తెలియదు.

ఆ తర్వాత మొదటి గీత వస్తుంది. ఎవరూ ఏ రేడియోధార్మిక పదార్థమూ పెట్టలేదు. ఖాళీ పెట్టె. అందులో ఒకదాని తర్వాత ఒకటి గీతలు. ఇది చూసి చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "మా ఇంట్లో ఇంతుందా?" ఉంది. మీ ఇంట్లో, మీ అత్తగారింట్లో, గుడిలో, బడిలో, అంతటా ఉంది. భూమి పుట్టినప్పటి నుంచీ ఉంది.

పొట్టిగా, లావుగా, తిన్నగా, కొన్ని సెంటీమీటర్లే ఉన్న గీత ఆల్ఫా కణానిది. గదిలోని గాలిలో ఉన్న రేడాన్ వాయువు దీనికి మూలం. రాళ్లలో, మట్టిలో, ఇటుకల్లో ఉన్న యురేనియం కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ ఉంటే మధ్యలో పుట్టే వాయువిది. ఆల్ఫా బరువైనది, దారిలో లక్షకు పైగా అయాన్లను చేసి కొద్ది దూరంలోనే అలిసిపోతుంది. సన్నగా, వంకర్లు తిరుగుతూ, దిశ మార్చుకుంటూ పోయేవి ఎలక్ట్రాన్లు. ఇక సన్నగా, గీటుబద్దతో గీసినంత తిన్నగా పెట్టె ఈ చివరి నుంచి ఆ చివరకు సాగేది చాలావరకు మ్యూయాన్. ఆకాశంలో దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున, అంతరిక్షం నుంచి వచ్చిన కణాలు గాలి అణువులను ఢీకొన్నప్పుడు పుట్టే కణమిది. దాని సగటు ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు రెండింటికి కాస్త ఎక్కువ. ఆ లెక్కన కిలోమీటరు కూడా దాటకుండానే అంతరించాలి. అయినా మీ డైనింగ్ టేబుల్ మీది పెట్టె దాకా వచ్చిందంటే కారణం ఐన్‌స్టీన్ చెప్పినది: కాంతివేగానికి దగ్గరగా పోయేదాని గడియారం మన లెక్కలో నెమ్మదిగా నడుస్తుంది. చాచిన అరచేతి గుండా సెకనుకు ఒకటి రెండు మ్యూయాన్లు ఎప్పుడూ పోతూనే ఉంటాయి. ఈ పేజీ చదివేలోపు మీ చేతిలోంచి వందకు అటూ ఇటూగా దాటిపోయాయి.

ఇప్పుడు పుస్తకమూ పెన్నూ తీసుకోండి. ఈ అభ్యాసంలో అసలు పని ఇక్కడే ఉంది, తక్కినదంతా వంటసామాను సర్దుకోవడమే. పది నిమిషాల పాటు, పలక మీద ఒక చిన్న చతురస్రంలో పడే గీతలను మాత్రమే లెక్కపెట్టండి. లావు, సన్నం, తిన్నన, వంకర అని నాలుగు గళ్లు గీసుకోండి. అదే పనిని పెట్టె పక్కన ఏమీ లేకుండా మరోసారి చేయండి. మొదటి విడతలో 18 వచ్చాయి, రెండో విడతలో 23 వచ్చాయి అనుకుందాం. ఏం మారింది? ఏమీ మారలేదు. రేడియోధార్మిక క్షయం, విశ్వకిరణాల రాక యాదృచ్ఛికంగా జరిగేవి. ఇలాంటి లెక్కలో సగటు చుట్టూ దాని వర్గమూలం మేరకు హెచ్చుతగ్గులు ఉండటం మామూలు. 20కి వర్గమూలం నాలుగున్నర. కాబట్టి 18కీ 23కీ మధ్య వార్త లేదు. 18 ఉన్నది 60 అయితే అప్పుడు కుర్చీలో సర్దుకుని కూర్చోండి.

నా ఉద్దేశంలో మన ఆందోళనల్లో పెద్ద భాగం 18కీ 23కీ మధ్య ఉన్న తేడాకు కథ అల్లుకోవడం వల్ల వచ్చేదే. నిన్న పరగడుపు షుగరు 104, ఇవాళ 109. "నిన్న తిన్న మామిడిపండు కొంప ముంచింది." ఎవరికి తెలుసు? ఏమీ చేయకపోయినా ఆ అంకె ఎంత ఊగుతుందో ముందుగా చూసినవాడికే, నిజంగా మారినప్పుడు అది పట్టుబడుతుంది. ఖాళీ పెట్టెను రెండుసార్లు లెక్కపెట్టించింది అందుకే. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఫోను దగ్గరికి వెళ్తారు.

సరే, ఇప్పుడు ఫోను. పెట్టెకు ఆనించి పెట్టి, ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడుతూనే ఉండమని పది నిమిషాలు లెక్కపెట్టండి. గీతలు పెరగవు. ఫోను, టవరు వాడే తరంగాల ఒక్కో ఫోటాన్ శక్తి ఒక అణువును అయాన్ చేయడానికి కావలసినదానిలో సుమారు పది లక్షల వంతు మాత్రమే. మరో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఈ పెట్టె ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది, అయాన్లు పుడుతున్నాయా లేదా అని. బలమైన తరంగాలు కణజాలాన్ని వేడెక్కించగలవు, ఆ ప్రశ్న వేరు, దానికి పరిమితులు వేరుగా ఉన్నాయి. అసోసియేషన్ మీటింగులో అడగాల్సింది ఆ పరిమితుల గురించి. తర్వాత అరటిపండు పెట్టి చూడండి. అరటిపండులోని పొటాషియంలో రేడియోధార్మికమైన పొటాషియం-40 కొద్దిగా ఉంటుంది, ఒక పండులో సెకనుకు పదిహేను దాకా క్షయాలు జరుగుతాయి. అయినా మీ లెక్కలో తేడా పట్టుబడటం కష్టం. 70 కిలోల మనిషి ఒంట్లో అదే పొటాషియం-40 సెకనుకు నాలుగు వేలకు పైగా క్షయాలు జరుపుతూనే ఉంది. పండును చూసి భయపడేవాడు ముందు తనను తాను చూసి పారిపోవాలి.

తేడా స్పష్టంగా చూడాలనుకుంటే ఒక బెలూన్ చాలు. ఊదిన బెలూన్‌ను ఉన్నితో బాగా రుద్ది, కింది అంతస్తులో తలుపులు మూసి ఉంచిన సామాన్ల గదిలో ఓ గంటసేపు వేలాడదీయండి. రేడాన్ నుంచి పుట్టే సీసం, బిస్మత్ రూపాలు గాలిలో తేలుతూ విద్యుదావేశమున్న బెలూన్‌కు అంటుకుంటాయి. గాలి తీసేసి, ఆలస్యం చేయకుండా పెట్టెలో ఉంచండి. లావుపాటి గీతలు ఎక్కువవుతాయి. ఆ పదార్థాల అర్ధాయువు ఇరవై, ఇరవయ్యేడు నిమిషాలు. ప్రతి అరగంటకూ లెక్కపెడుతూ పోతే అవి తగ్గిపోవడం మీ పుస్తకంలోనే కనిపిస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే బెలూన్ మీది ఆవేశం నిలవదు, అందుకే ఇది చలికాలపు ప్రయోగం. పాతకాలపు పెట్రోమాక్స్ లైటు మాంటిల్‌లో థోరియం ఉండేదని తెలిసినవాళ్లు దాన్ని పెట్టి చూస్తారు. నేను వద్దంటాను. వాడిన మాంటిల్ ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పొగను పసిగట్టే పరికరాలు విప్పి లోపలి మూలకాన్ని తీయడం అసలే కూడదు.

గీతను చూడటం ఒకటి, చదవడం ఇంకొకటి. 1932లో కాలిఫోర్నియాలో కార్ల్ ఆండర్సన్ అయస్కాంతాల మధ్య క్లౌడ్ చాంబర్ పెట్టి విశ్వకిరణాలను ఫొటోలు తీస్తున్నాడు. ఎలక్ట్రాన్ గీతలాగే ఉండి, ఎదురువైపుకు వంగిన గీతలు పడ్డాయి. అలాంటివి అంతకుముందు వేరేవాళ్ల ఫొటోల్లోనూ పడ్డాయి. ఎలక్ట్రానే కింద నుంచి పైకి వస్తోందిలే అని సర్దుకున్నారు. ఆండర్సన్ పెట్టె మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసపు పలక అమర్చాడు. సీసం దాటిన కణం వేగం తగ్గుతుంది, తగ్గితే ఎక్కువ వంగుతుంది. కాబట్టి ఎటు నుంచి ఎటు పోయిందో ఇక వాదించనక్కర్లేదు. ఆ పలకతో బయటపడింది ధనావేశమున్న ఎలక్ట్రాన్, అంటే పాజిట్రాన్. వాదనకు దిగే ముందు సీసపు పలక ఎక్కడ పెట్టాలో ఆలోచించడం ఎవరైనా నేర్చుకోగల విద్యే. "వాడు నన్ను చూసి నవ్వాడు" అని రాత్రంతా నిద్ర పట్టనప్పుడు, నవ్వింది ఎవరిని చూసో తేల్చే ప్రశ్న ఏదని వెతకాలి.

కేంబ్రిడ్జిలో పాట్రిక్ బ్లాకెట్ దగ్గర ఇంకో రకం ఓపిక కనిపిస్తుంది. నైట్రోజన్ మీద ఆల్ఫా కణం పడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆయన దాదాపు 23,000 ఫొటోలు తీశాడు. వాటిలో నాలుగు లక్షలకు పైగా గీతలు. ఆయనకు కావలసిన తీరులో చీలినవి ఎనిమిది. ఆల్ఫాను మింగి, ప్రోటాన్‌ను వదిలి, నైట్రోజన్ ఆక్సిజన్‌గా మారడం ఆ ఎనిమిదింటిలో కనిపించింది. ఆయనకు 1948లో నోబెల్ వచ్చింది. అదే బ్లాకెట్ మాంచెస్టర్‌లో ఉన్న కాలంలో ఆయన దగ్గర క్లౌడ్ చాంబర్లతో విశ్వకిరణాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్న భారతీయురాలు బిభా చౌధురి. ఆమె పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

కనిపించని శక్తుల మీద వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో పుటలకు పుటలు రాస్తారు. ప్రకంపనలంటారు, తరంగాలంటారు. కొలత మాత్రం ఉండదు. ఆ మాటలు విన్నప్పుడు నాకు స్వామి జ్ఞానానంద గుర్తొస్తారు. భీమవరం దగ్గరి గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, సన్యసించి, హిమాలయాల్లో యోగసాధన చేసిన మనిషి. యూరప్ వెళ్లాక ఆయన భౌతికశాస్త్రం వైపు తిరిగారు. ప్రేగ్‌లో ఎక్స్ కిరణాల మీద, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. తర్వాత విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కు పునాది వేశారు. అక్కడి పరిశోధనశాలకు ఆయన పేరే పెట్టారు. కాషాయం కట్టిన మనిషికే కనిపించని కిరణాన్ని కొలిచి చూడాలనిపించింది. మామూలు సంసారులం, మనకెందుకు అనిపించకూడదు?

పెట్టె చెప్పనివి కూడా ఉన్నాయి. గామా కిరణాలు, న్యూట్రాన్లు తమంతట తాము గీతలు గీయవు, అవి తట్టి లేపిన కణాలే గీస్తాయి. మీ శరీరానికి ఎంత మోతాదు అందిందో గీతల లెక్కను బట్టి తేల్చలేం. మోతాదుకు మిల్లీసీవర్ట్ అనే కొలత వేరే ఉంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులు. పొట్ట సీటీ స్కాన్ ఒక్కదానికి దాదాపు 8 నుంచి 10. ఆ 2.4లో దాదాపు సగం రేడాన్ వల్లే. మీ పెట్టెలో లావుపాటి గీతలు గీసింది అదే. ఆల్ఫా కణం బయట నుంచి తగిలితే చర్మం పైపొర దాటలేదు. ఊపిరితో లోపలికి పోయినప్పుడే హాని. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత ముఖ్య కారణాల్లో రేడాన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. కాబట్టి చూశాక భయం పూర్తిగా పోతుందని నేను మాటివ్వను. అది మేడ మీది టవర్ని వదిలి కింది అంతస్తులో కిటికీలు తీయని గదిలోకి రావచ్చు. అక్కడికి వస్తే మాత్రం చేయగలిగిన పని ఉంది: కిటికీలు తీయండి, గాలి ఆడనివ్వండి, ఇంట్లో సిగరెట్ మాన్పించండి.

ఈ పుస్తకం చదివే ఉపాధ్యాయులకు ఒక మనవి. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం వస్తుంది. వంటసోడాలో వెనిగర్ పోసి నురగ పొంగించే అగ్నిపర్వతం ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాం. ఈసారి దాని పక్కన ఒక నల్లటి పెట్టె పెట్టండి. ఫిబ్రవరి చివర మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, బెలూన్ ప్రయోగానికీ అనుకూలం. పిల్లలను వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక్క చూపు చూపించి పంపేయకండి. నలుగురు చొప్పున కూర్చోబెట్టి, పుస్తకం చేతికిచ్చి, పదేసి నిమిషాలు లెక్కపెట్టనివ్వండి. వాళ్ల అంకెలు ఒకదానితో ఒకటి కలవకపోతే దిద్దకండి.